ఫొటో దిగిన కుర్రాళ్లు: అల్ కుసైస్ నుంచి కొన్ని విశేషాలు

దుబాయ్ మెట్రో రెడ్ లైన్ 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. సరిగ్గా రెండేళ్లకు, 2011 సెప్టెంబర్ 9న, గ్రీన్ లైన్ వచ్చింది. ఆ లైన్‌కి ఒక కొసన ఎతిసలాత్ స్టేషన్, దాని పక్కది అల్ కుసైస్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు పల్లెల్లో ఏ ఇంటికైనా వెళ్లి దుబాయ్ నుంచి కొడుకు పంపిన ఫొటో చూపించమని అడగండి. చాలా ఫొటోల్లో వాడి వెనకాల ఒక మెట్రో స్టేషన్ ఉంటుంది. బంగారు రంగులో, ముత్యపు చిప్పలా వంపు తిరిగిన పైకప్పుతో ఉంటుంది. ఇంట్లోవాళ్లకి ఆ స్టేషన్ పేరు తెలియదు. కానీ అదే దుబాయ్ అని తెలుసు.

ఆ ఫొటో ఎలా తయారవుతుందో కుసైస్‌లో ఉన్న రోజుల్లో దగ్గర నుంచి చూశాను. సెలవు రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక గదిలో ఇస్త్రీ మొదలవుతుంది. ఇస్త్రీ బల్ల ఉండదు. ఇనప మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని మీదే చొక్కా పరుస్తారు. కాలరు ముందు, చేతులు తర్వాత, వీపు ఆఖరున. గోడకున్న అద్దం అరచేతికి రెండింతలు కూడా ఉండదు. దాని ముందు ఆరుగురు వరసగా తల దువ్వుకుంటారు. నాలుగు దాటాక ఎండ తగ్గుతుంది. ముగ్గురు నలుగురు కలిసి ఇండస్ట్రియల్ ఏరియా వైపు నుంచి స్టేషన్ దాకా నడిచి వస్తారు. నలుగురి మధ్య నల్ల కళ్లద్దాలు ఒక్కటే జత. ఒకడు పెట్టుకుని దిగుతాడు, తీసి పక్కవాడికి ఇస్తాడు, వాడు దిగుతాడు. “అన్నా, జర మెట్రో పడేటట్టు తియ్యి.” “ఇట్ల గాదు తమ్మీ, బూట్లు గూడ రావాలె.” బూట్లు ఎందుకు రావాలంటే, అవి కొత్తవి.

వారమంతా కంపెనీ పేరున్న యూనిఫాంలో, హెల్మెట్ కింద, ఒకేలా కనిపించే మనుషులు వీళ్లు. ఈ గంటసేపు మాత్రం తాము ఎలా కనపడాలో తామే నిర్ణయించుకుంటారు. పని చేసుకు బతికే కుర్రాళ్ల వేషం, ఆట, పాట, జుట్టు, నడక... వీటిని ఫొటో తీయడానికి ప్రపంచంలో కొందరు జీవితాలే ధారపోశారు. ఆ కథలూ, కుసైస్ సంగతులూ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

★

తెలుగులో ఒక మంచి మాట ఉంది. ఫొటో తీసేవాడు ‘తీస్తాడు’, ఎదురుగా నిలబడ్డవాడు ‘దిగుతాడు’. అంటే నిలబడ్డవాడు కూడా ఒక పని చేస్తున్నాడన్నమాట. మన భాష ఆ పనికి ఒక క్రియాపదమే ఇచ్చింది. ఫొటోగ్రఫీ చరిత్ర పుస్తకాల్లో తీసినవాళ్ల పేర్లు ఉంటాయి. దిగినవాళ్ల పేర్లు మాత్రం చాలా తక్కువ. ఈ కింది సంగతులన్నీ చదివేటప్పుడు ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

★

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కార్ల్‌హైంజ్ వైన్‌బెర్గర్ అని ఒకాయన ఉండేవాడు. 1955 నుంచి 1986 దాకా సీమెన్స్ కంపెనీ గోదాములో పని. సరుకు లెక్క చూసుకోవడం, సర్దడం. పని అయ్యాక, సెలవుల్లో, ఫొటోలు తీసేవాడు. 1958 ప్రాంతంలో వీధిలో ఒక విచిత్రమైన గుంపు కనబడింది. కూలినాలి కుటుంబాల పిల్లలు. పెద్దవాళ్లు వాళ్లని ‘సగం బలవంతులు’ అనే అర్థమొచ్చే జర్మన్ మాటతో పిలిచేవారు. ఆ పిల్లలు జీన్స్ ప్యాంటుకి జిప్పు పీకేసి దాని చోట ఇనప బోల్టులు, మేకులు బిగించుకునేవాళ్లు. నడుముకి భోజనం పళ్లెమంత బకిల్, దాని మీద ఎల్విస్ ప్రెస్లీ బొమ్మ. దుకాణంలో దొరికేవి కావు ఇవి. సొంత చేతులతో చేసుకున్నవి.

వైన్‌బెర్గర్ వాళ్లని తన ఇంటికి పిలిచేవాడు. తల్లితో కలిసి ఉండే చిన్న ఫ్లాటు అది. గోడకి దుప్పటి వేలాడదీస్తే అదే స్టూడియో. నలభై ఏళ్ల పాటు ఆ ఫొటోల సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2000లో జ్యూరిక్‌లో పెద్ద ప్రదర్శన జరిగాక ప్రపంచం వాటి కోసం పరిగెత్తింది. అప్పటికి ఆయనకి 79 ఏళ్లు.

నాకు ఆయన మీద ప్రత్యేకమైన గౌరవం. గోదాములో ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాడికి ఆ కుర్రాళ్ల బకిల్ విలువ తెలుసు. కుసైస్ ఇండస్ట్రియల్ ఏరియా గోదాముల్లో సరుకు దించే మన పిల్లల్లో చేతిలో మంచి ఫోనూ, చూసే కన్నూ ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. వైన్‌బెర్గర్ కథ ముందుగా తెలియాల్సింది వాళ్లకే.

★

కుసైస్ అంటే క్యాంపులూ గోదాములూ అనుకుంటారు. అక్కడ నేల కింద దాదాపు మూడు నాలుగు వేల ఏళ్ల నాటి సమాధులు బయటపడ్డాయి. 1970లలో ఇరాక్ పురావస్తు నిపుణులు తవ్వినప్పుడు కంచు కత్తులు, బాణపు మొనలు, పూసలు, రాతి పాత్రలు దొరికాయి. ఒక దిబ్బలో కంచుతో చేసిన పాము బొమ్మలు దొరకడంతో దానికి ‘పాముల దిబ్బ’ అని పేరు పడింది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఈ సంగతి చెబితే ఎంత ఆశ్చర్యపోతారో!

★

కుసైస్ పక్కనే ముహైస్నా 2. ఆ పేరు ఏ తెలుగు కార్మికుడికీ తెలియదు. సోనాపూర్ అనాలి. హిందీలో బంగారు ఊరు అని అర్థం. దుబాయ్‌లోని అతి పెద్ద లేబర్ క్యాంపుల్లో అది ఒకటి.

★

సెలవు రోజు మారింది. అది ఫొటోల్లో కూడా కనిపిస్తుంది. 2022 జనవరి 1 నుంచి యుఏఈ ప్రభుత్వం వారాంతాన్ని శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మార్చింది, శుక్రవారం సగం పూట పని. అదే ఏడాది ఫిబ్రవరిలో అమలుకొచ్చిన కొత్త కార్మిక చట్టంలో వారపు సెలవు శుక్రవారమే ఉండాలన్న నియమం పోయింది, వారానికి కనీసం ఒక రోజు ఇస్తే చాలు. దాంతో కొన్ని కంపెనీల క్యాంపులకు ఆదివారం సెలవైంది, కొన్నిటికి శుక్రవారమే ఉండిపోయింది. ఒకే ఊరి బావామరదులు రెండు కంపెనీల్లో ఉంటే ఇద్దరూ కలిసి ఫొటో దిగే రోజు దొరకడం కష్టమైపోయింది. పాత ఫొటోల్లో శుక్రవారమే ఉంటుంది, కొత్తవాటిలో ఆదివారం కూడా.

★

పశ్చిమాఫ్రికాలోని మాలి దేశానికి 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. రాజధాని బమాకోలో కుర్రాళ్లు, అమ్మాయిలు కలిసి క్లబ్బులు పెట్టుకుని, గ్రామఫోన్ రికార్డులు తెచ్చుకుని, శనివారం రాత్రుళ్లు డాన్సులు చేసేవాళ్లు. మలిక్ సిదిబే అనే ఫొటోగ్రాఫర్ సైకిల్ మీద ఒక్కో రాత్రి నాలుగైదు పార్టీలకు తిరిగేవాడు. తెల్లవారేసరికి స్టూడియోకి వచ్చి ఫిల్ములు కడిగి, చిన్న చిన్న ప్రింట్లు వేసి, అట్టల మీద అంటించి, వారం మొదట్లో స్టూడియో బయట పెట్టేవాడు. పార్టీకి వచ్చినవాళ్లంతా అక్కడ గుమిగూడి తమ ఫొటో వెతుక్కుని, కావలసినన్ని కాపీలు చెప్పి వెళ్లేవాళ్లు.

అన్నాచెల్లెళ్లు తలలు ఆనేలా వంగి డాన్సు చేస్తున్న ఆయన 1963 క్రిస్మస్ రాత్రి ఫొటో ఈనాటికీ ప్రపంచమంతా తిరుగుతోంది. 2003లో సిదిబేకి హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది. 2007లో వెనిస్ బినాలేలో జీవిత సాఫల్యానికి ఇచ్చే గోల్డెన్ లయన్ వచ్చింది. ఆ గౌరవం అందుకున్న మొట్టమొదటి ఫొటోగ్రాఫర్ ఆయనే, మొదటి ఆఫ్రికా వాసి కూడా ఆయనే.

బమాకోలోనే ఆయనకంటే ముందుతరం వాడు సేదూ కేతా. ఆయన స్టూడియోలో సూట్లు, చేతి గడియారం, రేడియో, వెస్పా స్కూటర్ సిద్ధంగా ఉండేవి. వచ్చినవాళ్లు తమకి నచ్చినది తీసుకుని దిగేవాళ్లు. మన పాత స్టూడియోల్లో గోడ మీద విమానం బొమ్మ, తోట బొమ్మ గీసి ఉండేవి కదా, అదే సంగతి. కుసైస్ మెట్రో దగ్గర చేతులు మారే నల్ల కళ్లద్దాలకీ, బమాకో వెస్పాకీ నాకు పెద్ద తేడా కనపడదు. అరువు వస్తువుతో దిగినా మొహంలో ఉన్నది సొంత సంతోషమే.

★

టేపు బాల్ క్రికెట్ కరాచీ వీధుల్లో పుట్టింది. టెన్నిస్ బంతికి ఎలక్ట్రికల్ టేపు బిగించి చుడితే అది బరువెక్కి, గట్టి బంతిలా స్వింగ్ అవుతుంది. ప్యాడ్లు, గ్లోవ్స్ అక్కర్లేదు. గల్ఫ్‌కి వచ్చిన పాకిస్తానీ కార్మికులతో పాటు ఆ ఆటా వచ్చింది. కుసైస్ ఖాళీ ఇసుక జాగాల్లో, పార్కింగుల్లో సెలవు రోజు తెల్లవారకముందే వికెట్లు పాతేస్తారు. ఎండెక్కితే ఆడలేరు కాబట్టి. మన కుర్రాళ్లు టేపు చుట్టడం పాకిస్తానీల దగ్గరే నేర్చుకున్నారు. దాన్ని ఒక తెలుగు పిల్లాడు, ఒక పెషావరీ పిల్లాడు కలిసి చుడుతుంటే, ఒకడు బంతి పట్టుకుని, ఒకడు పంటితో టేపు తెంచుతుంటే చూశాను. అప్పుడు నా దగ్గర ఉన్న ఫోనులో ఛార్జింగ్ లేదు. తీయలేకపోయిన ఆ ఫొటో ఇప్పటికీ బాధపెడుతుంది.

★

దేరాలో చేపల మార్కెట్ దగ్గర ఇసుకలో ఏళ్ల తరబడి శుక్రవారం సాయంత్రాలు కుస్తీలు జరిగేవి. భారత్, పాకిస్తాన్ రెండు పంజాబుల కార్మికులు బరిలోకి దిగేవాళ్లు, చుట్టూ వందలమంది వలయంగా కూర్చునేవాళ్లు. గెలిచినవాడు వలయం చుట్టూ తిరిగితే తలా ఒక నోటు చేతిలో పెట్టేవాళ్లు. దుబాయ్‌లో కార్మికుల తీరిక వేళని ఫొటో తీయాలనుకున్నవాళ్లు వెళ్లిన చోట్లలో అదొకటి.

★

లండన్‌లో 1950లలో కూలి కుటుంబాల కుర్రాళ్లు పొడవాటి కోట్లు, వెల్వెట్ కాలర్లు వేసుకుని తిరిగేవాళ్లు. ఎడ్వర్డ్ (ముద్దుగా టెడ్డీ) రాజు కాలం నాటి ఫ్యాషన్ కాబట్టి వాళ్లకి ‘టెడ్డీ బాయ్స్’ అని పేరు. వాళ్ల గురించి పత్రికలు చాలా రాశాయి. వాళ్లతో పాటు అమ్మాయిలూ ఉన్నారని ఎవరూ పట్టించుకోలేదు. 1955లో కెన్ రస్సెల్ అనే యువకుడు తూర్పు లండన్‌లో బాంబులకి కూలిన ఇళ్ల మధ్య ఆ అమ్మాయిలని ఫొటో తీశాడు. పద్నాలుగు పదిహేనేళ్లకే బడి మానేసి పనులకు వెళ్లేవాళ్లు. మగవాళ్ల కోటు, ముడిచిన జీన్స్, చేతిలో గొడుగు. ఆ ఫొటోలు అప్పట్లో ఒక పత్రికలో వచ్చాయి. తర్వాత అటకెక్కాయి.

రస్సెల్ సినిమా దర్శకుడై పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 2005లో ఒక ఫొటో సంస్థ భాండాగారంలో ఆ నెగెటివ్‌లు దొరికాయి. అంటే యాభై ఏళ్లు పెట్టెలో ఉండిపోయాయన్నమాట. ఒక మంచి సంగతి ఏమిటంటే, ఆ ఫొటోల్లో కొందరు అమ్మాయిల పేరు, వయసు, పేట రాసి ఉన్నాయి. అందుకే ఈనాడు వాళ్లు ‘పూర్వకాలపు పేద పిల్లలు’గా కాక, ఫలానా అమ్మాయి, ఫలానా వీధి అని తెలుస్తున్నారు.

★

మరి గల్ఫ్ మాటేమిటి? యుఏఈ చరిత్రలో కెమెరా పట్టిన తొలితరంలో మన ఉపఖండం వాళ్లే ముందున్నారు. గ్వాదర్‌లో పుట్టిన నూర్ అలీ రషీద్ 1958లో దుబాయ్ వచ్చారు. ముంబయి నుంచి రమేశ్ శుక్లా 1965లో ఓడలో వచ్చారు. 1971 డిసెంబర్ 2న ఎమిరేట్లు కలిసి ఒక దేశమైన రోజున శుక్లా తీసిన ఫొటోలు ఆ దేశపు ఉమ్మడి జ్ఞాపకమైపోయాయి. వలస వచ్చినవాడి కన్నే ఆ దేశానికి ఆల్బమ్ తయారుచేసింది.

★

1980లలో దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు ఊళ్లోకి దిగితే ఎలా ఉండేవాడో పెద్దవాళ్లని అడగండి. భుజాన ఎయిర్ బ్యాగు, చేతిలో టూ ఇన్ వన్ టేప్ రికార్డర్, మణికట్టుకి మెరిసే గడియారం, పదడుగుల ముందే తెలిసే సెంటు వాసన. ఆ వేషం చూసే పక్క ఊరి కుర్రాడు పాస్‌పోర్టుకి పెట్టేవాడు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తెలంగాణ బతుకుని మూడు ముక్కల్లో చెప్పే మాటలో మూడోది అలా మొదలైంది. అప్పట్లో మెడలో యాషికా కెమెరా కూడా ఉండేది. రీలుకి 36 ఫొటోలు. సెలవు నెలన్నర. ఒక్కో ఫొటో ఎంతో ఆచితూచి తీసేవాళ్లు. అందుకే ఆ కాలపు ఫొటోల్లో ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటారు.

2007లో వచ్చిన ‘దుబాయ్ శీను’ సినిమా కథ దుబాయ్ వెళ్దామని బయల్దేరి మోసపోయిన కుర్రాళ్ల చుట్టూ తిరుగుతుంది. 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ పేరుతోనే సినిమా తీశారు. సినిమా తెర మీదికి ఈ బతుకు వచ్చింది. ఫొటోల పుస్తకంగా మాత్రం తెలుగులో ఇంకా రావాలి. తెలంగాణ పల్లె మనుషుల్ని, బతుకమ్మనీ, గడపల్నీ ఏళ్లకేళ్లు ఓపికగా తీసిన బి. భరత్ భూషణ్ గారు 2022 జనవరి ఆఖరున వెళ్లిపోయారు. ఆయన పద్ధతిలో, అంత ప్రేమగా, క్యాంపు గదిని తీసేవాళ్లు కావాలి.

★

ఖల్లివల్లి. గల్ఫ్ అంతటా వినిపించే ఈ మాటకి ‘పోనీ, వదిలెయ్’ అని అర్థం. తెలంగాణ పల్లెల్లో దీని అర్థం వేరు. ‘వాడు ఖల్లివల్లి అయ్యిండు’ అంటే కంపెనీ వదిలేసి, కాగితాలు లేకుండా బయట పని చేసుకుంటున్నాడని. 2018లో, మళ్లీ 2024లో యుఏఈ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇలాంటివాళ్లు ఎందరో బయటపడ్డారు. ఫొటో తీసేవాళ్లకి ఈ మాట ఎందుకు తెలియాలంటే, గుంపులో నవ్వుతూ నిలబడ్డ పదిమందిలో ఒకడు ఖల్లివల్లి కావచ్చు. వాడి మొహం, వెనకాల కంపెనీ బోర్డు, కింద ఊరి పేరు... ఇవి మూడూ కలిపి బయటపెడితే వాడికి ముప్పు. అందమైన ఫొటో అనే కారణం చాలదు.

★

చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. యుఏఈలో 2021 నాటి 34వ నంబరు చట్టం, 44వ అధికరణం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీసి వాళ్ల ఏకాంతానికి భంగం కలిగించినా, దాన్ని బయటపెట్టినా కనీసం 6 నెలల జైలు, లక్షా 50 వేల నుంచి 5 లక్షల దిర్హాముల దాకా జరిమానా, లేదా ఈ రెండింట్లో ఒకటి పడుతుంది. 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. ఆ అనుమతి అడగడం వల్ల ఫొటో చెడిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అడిగితే ఎదుటివాడు ఒక్క క్షణం ఆగి, కాలరు సర్దుకుంటాడు. ఆ కాలరు సర్దుకోవడమే కదా మనం తీయాల్సింది.

★

తీన్‌మార్ అంటే మూడు దెబ్బలు. హైదరాబాద్ గల్లీల్లో బోనాలకీ, వినాయకుడి ఊరేగింపుకీ, పెళ్లి బరాత్‌కీ కుర్రాళ్ల కాళ్లు ఆగని దరువు. ఆ దరువు పలికించే మర్ఫా వాయిద్యం మూలాలు మాత్రం సముద్రం అవతల ఉన్నాయి. నిజాం సైన్యంలో పని చేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు, ఆఫ్రికా నుంచి సిద్దీలు వచ్చారు. ఆ సైనికుల ‘బ్యారక్స్’ ఉన్న చోటే ఇప్పటి బార్కస్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు ఏసీ గార్డ్స్. వాళ్లు తెచ్చిన దరువు పాతబస్తీది అయింది, తర్వాత అందరిదీ అయింది.

అరేబియా నుంచి హైదరాబాద్ వచ్చిన ఆ దరువు ఇప్పుడు తెలంగాణ కుర్రాళ్లతో తిరిగి అరేబియాకి వెళ్లింది. క్యాంపు గదిలో డప్పు ఉండదు. స్టీలు పళ్లెం బోర్లించి, చెంచాతో మూడు దెబ్బలు మొదలుపెడితే చాలు. మంచాల మధ్య నడవడానికే చోటు లేని జాగాలో ఆరుగురు ఆడతారు. పై మంచం మీద ఒకడు బోర్లా పడుకుని ఫోనులో తీస్తాడు. ఆ కోణం నుంచి వచ్చే ఫొటోలో తలలు, చేతులు, తాడు మీద ఆరేసిన యూనిఫాంలు, మధ్యలో ఒక నవ్వు. స్టూడియోల్లో ఎన్ని లైట్లు పెట్టినా రాదు అది.

★

క్యాంపుల పాటగాళ్ల మీద ఒక పూర్తి స్థాయి డాక్యుమెంటరీ ఉంది. పేరు ‘చాంప్ ఆఫ్ ది క్యాంప్’. దర్శకుడు మహమూద్ కాబూర్. యుఏఈ లేబర్ క్యాంపుల్లో హిందీ సినిమా పాటల పోటీ ఒకటి జరుగుతుంది, దాని వెంట కెమెరా నడుస్తుంది. 2013 దుబాయ్ అంతర్జాతీయ చిత్రోత్సవంలో బుర్జ్ ఖలీఫా పక్కన ఆరుబయట తొలిసారి చూపించారు. పగలు సిమెంటు మోసి రాత్రి రఫీ పాట పాడేవాడి గొంతుని అంత పెద్ద తెర మీద వినిపించారు. దొరికితే తప్పకుండా చూడండి.

★

కాంగో రాజధాని బ్రజావిల్‌లో బకాంగో అనే పేట ఉంది. అక్కడి కొందరు చిరుద్యోగులు, టాక్సీ డ్రైవర్లు జీతమంతా కూడబెట్టి సూట్లు కొంటారు. ‘సపూర్లు’ అంటారు వాళ్లని. ఒంటి మీద మూడు రంగులకు మించకూడదన్నది వాళ్ల నియమం. ఇటలీ ఫొటోగ్రాఫర్ డానియేలే తమాన్యీ 2009లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాక, ఇంగ్లండ్ ఫ్యాషన్ డిజైనర్ పాల్ స్మిత్ తన బట్టల్లో ఆ రంగులు వాడుకున్నాడు.

★

బయటివాడు వచ్చి తీయడం వేరు, ఇంటివాడు తీయడం వేరు. ఇంగ్లండ్ ఉత్తరాన న్యూకాసిల్‌లో టిష్ ముర్తా అనే అమ్మాయి పదిమంది పిల్లల పేద కుటుంబంలో మూడోది. ఫొటోగ్రఫీ చదువుకుని మళ్లీ తన పేటకే వచ్చింది. పనులు దొరకని 1980 ప్రాంతపు రోజులు. తమ్ముళ్లని, వాళ్ల స్నేహితుల్ని, పాడుబడ్డ ఇళ్లలో పరుపుల మీదికి దూకుతున్న పిల్లల్ని తీసింది. 1981లో ‘యువత నిరుద్యోగం’ పేరుతో ప్రదర్శన పెట్టింది. బ్రిటిష్ పార్లమెంటులో ఆ ఫొటోల ప్రస్తావన వచ్చింది. అంత చేసినా బతికుండగా పుస్తకం రాలేదు. 2013లో, 57 నిండకుండానే పోయింది. కూతురు చందాలు పోగుచేసి 2017లో పుస్తకం వేయించింది.

మన పక్కనే ఎం. పళని కుమార్ ఉన్నాడు. తమిళనాడు మధురై దగ్గర ఊరు, తల్లి చేపలమ్మే మనిషి. పారిశుధ్య కార్మికుల మీద వచ్చిన ‘కక్కూస్’ డాక్యుమెంటరీకి కెమెరా పట్టాడు. పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన గ్రామీణ పాత్రికేయ వేదిక ‘పారి’లో ఫొటోగ్రాఫర్‌గా ఉన్నాడు. 2022లో దయానితా సింగ్-పారి డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అవార్డు మొట్టమొదట అందుకున్నది అతనే. అంతటితో ఆగలేదు. జాలర్ల పిల్లలకి, పారిశుధ్య కార్మికుల పిల్లలకి కెమెరా ఇచ్చి నేర్పిస్తున్నాడు. చెన్నై పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయని గుర్తుంచుకుంటే ఆ పని మనకి ఇంకా దగ్గరవుతుంది. కుసైస్‌కి అలాంటి ఒక్క మనిషి చాలు. నెలకో ఆదివారం, పదిమంది కుర్రాళ్లు, వాళ్ల సొంత ఫోన్లే.

★

యుఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. మాట్లాడాలంటే బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడాలి. వాట్సాప్‌లో ఫొటో, వాయిస్ మెసేజ్ మాత్రం వెళ్తాయి. అందుకని డ్యూటీ అయ్యాక అమ్మకి వెళ్లేది ముందు ఫొటో.

టిక్‌టాక్ సంగతి ఇంకో రకం. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం దాన్ని నిషేధించింది. యుఏఈలో అది నడుస్తూనే ఉంది. అన్న అక్కడ క్యాంపులో వీడియో పెడితే ఇక్కడ ఊళ్లో తమ్ముడు చూడలేడు. నిషేధానికి ముందు మన పల్లె కుర్రాళ్లు పెట్టిన వీడియోలు లక్షల్లో ఉండేవి. వాటిలో ఎన్ని ఎవరి దగ్గర మిగిలాయో తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

★

యుఏఈలో ఏటా జూన్ 15 మొదలు సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని నిషేధం. ఆ రెండున్నర గంటలు సైటు నీడలో, అట్టముక్కల మీద పడుకున్న కార్మికుల ఫొటోలు పత్రికల్లో ఏటా వస్తాయి. తప్పకుండా రావాలి. కానీ ఒక మనిషి గురించి మిగిలే ఫొటోల్లో అలసటా, ప్రమాదమూ, విమానాశ్రయంలో శవపేటికా మాత్రమే ఉంటే ఆ మనిషికి అన్యాయం జరిగినట్టే. తను ఇష్టపడి దిగిన ఫొటో కూడా చరిత్రే.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే ఒక ఇల్లు చూశాను. జగిత్యాల వైపు పల్లె. గోడ మీద దండ వేసిన ఫొటో. నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా, వెనకాల బంగారు రంగు స్టేషన్. తల్లి ఆ ఫొటోని కొంగుతో తుడిచి చూపించింది. అది ఎక్కడ దిగాడో, ఏ సంవత్సరమో, పక్కన సగం తెగిపోయి కనిపిస్తున్న భుజం ఏ స్నేహితుడిదో ఆమెకి తెలియదు. ఆ స్టేషన్ నాకు తెలుసు. చెప్పాను. “గదా బిడ్డా, గా టేషన్ పేరేంది, మల్లొక్కసారి చెప్పు” అని మూడుసార్లు చెప్పించుకుంది.

★

ఆఖరుగా ఒక చిన్న సాంకేతిక విషయం. ఫోనులో తీసిన ఫొటోలో తేదీ, సమయం, ఒక్కోసారి స్థలం కూడా లోపల రాసి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది ఫొటోని కుదించి ఆ వివరాలన్నీ తీసేస్తుంది. అదే ఫొటోని ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు ఫైలు, తేదీతో సహా, చేరుతుంది. ఇంట్లోవాళ్లకి పంపేటప్పుడు అలా పంపండి. బయట అందరికీ పెట్టేటప్పుడు మాత్రం స్థలం వివరం తీసేయండి, పైన చెప్పిన ఖల్లివల్లి తమ్ముడి కోసం.

కాగితం ఫొటో ఉంటే వెనక్కి తిప్పి పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాయండి: ఎవరెవరు, ఎక్కడ, ఏ రోజు, ఎవరు తీశారు. అన్న సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫొటో చూపిస్తూ పేర్లు అడిగి రాసుకోండి. వచ్చే సెలవుకే మొదలుపెట్టండి.